సీజన్ ఆరంభానికి ముందు: మోటారు రేసు అభిమానుల ఎదురుచూపు

యూనిట్ - 9

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 కొత్త కారు, తెలియని బలం
9.3 ఎదురుచూపులోని ఆనందం
9.4 'మనం' అనే భావన: మారనెల్లో ఉదాహరణ
9.5 సూచనలు, సాక్ష్యాలు: పరీక్షా పరుగుల పాఠం
9.6 ఎదురుచూపు - మార్కెట్
9.7 ఎదురుచూపు ఫలించనప్పుడు
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - నమూనా సమాధానాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.11 ముఖ్యపదాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• ఒక సీజన్ ముగిసి మరొకటి మొదలయ్యేలోపు ఫార్ములా వన్ అభిమానులు ఏం చేస్తారో వివరించగలుగుతారు.
• ఎదురుచూపు వ్యక్తిగత అనుభవమే కాక సామాజిక చర్య కూడా ఎలా అవుతుందో సోదాహరణంగా చెప్పగలుగుతారు.
• సూచనకు, సాక్ష్యానికి మధ్య ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ఆశ ఫలించకపోయినా అభిమానం ఎందుకు నిలుస్తుందో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

2024 డిసెంబరు 8న అబుదాబీలో ఆ ఏటి ఫార్ములా వన్ ఆఖరి రేసు ముగిసింది. తరువాతి సీజన్ మొదటి రేసు 2025 మార్చి 16న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగింది. మధ్యలో 98 రోజులు, అంటే సరిగ్గా పద్నాలుగు వారాలు. ఈ కాలంలో ఫార్ములా వన్ రేసు ఒక్కటీ లేదు. అయినా అభిమానులు రేసుల గురించి మాట్లాడుకోవడం మానలేదు. కొందరైతే రేసులు జరిగే నెలలకంటే ఈ నెలల్లోనే ఎక్కువ చదివారు, ఎక్కువ వాదించుకున్నారు. ఎందుకు?

గత యూనిట్లలో ఆట జరుగుతున్నప్పుడు ప్రేక్షకుల ప్రవర్తన ఎలా ఉంటుందో తెలుసుకున్నారు. ఈ యూనిట్‌లో ఆట లేని కాలాన్ని పరిశీలిద్దాం. 'కారు రేసులతో మాకేం పని?' అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఎదురుచూపు అందరికీ తెలిసినదే. తొలకరి కోసం ఆకాశం వైపు చూసే రైతుకు తెలుసు. పరీక్ష రాసి ఫలితాల కోసం చూసే మీకూ తెలుసు. రేసు అభిమానుల ఉదాహరణలో మనకు రెండు సౌకర్యాలున్నాయి. వారి ఎదురుచూపు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తేదీలతో సహా తెలుసు. వారి అంచనాలు సరైనవో కావో చివరకు గడియారమే తేల్చిచెబుతుంది. అందువల్ల ఎదురుచూపును అధ్యయనం చేయడానికి ఇది అనువైన సందర్భం.

9.2 కొత్త కారు, తెలియని బలం

ముందుగా ఆట స్వరూపాన్ని క్లుప్తంగా చూద్దాం. 2025లో ఫార్ములా వన్‌లో పది జట్లు, జట్టుకు ఇద్దరు చొప్పున ఇరవై మంది డ్రైవర్లు ఉన్నారు. మొత్తం 24 రేసులు. ప్రతి రేసులో మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండో స్థానానికి 18, మూడో స్థానానికి 15. ఇలా తగ్గుతూ పదో స్థానానికి ఒక పాయింటు వస్తుంది. ఏడాది చివర రెండు బిరుదులుంటాయి. ఒకటి డ్రైవర్‌కు, రెండోది జట్టుకు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. క్రికెట్‌లో కొత్త సీజన్ వచ్చినా ఆటగాళ్ల బలాబలాలు మనకు చాలావరకు తెలిసే ఉంటాయి. ఫార్ములా వన్‌లో డ్రైవర్ పాతవాడే అయినా కారు కొత్తది. ప్రతి జట్టూ ఏటా తన కారును తానే రూపొందించుకోవాలి. చలికాలమంతా ఆ పని మూసిన తలుపుల వెనుక జరుగుతుంది. గత ఏడాది గెలిచిన జట్టు ఈ ఏడాది వెనుకబడవచ్చు, వెనుకబడిన జట్టు ముందుకు రావచ్చు. కొత్త కారు వేగం ఎంతో దాన్ని తయారుచేసిన ఇంజనీర్లకు కూడా ట్రాక్ మీదికి వెళ్లేవరకు పూర్తిగా తెలియదు. మొదటి రేసు ముందు పాయింట్ల పట్టికలో అందరి పక్కనా సున్నాయే ఉంటుంది. ఈ సున్నాయే అభిమాని ఆశకు ఆధారం.

ఎదురుచూపు కాలంలో కొన్ని మజిలీలు కూడా ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో డ్రైవర్ల మార్పుల వార్తలు వస్తాయి. ఫిబ్రవరిలో కొత్త కార్ల ఆవిష్కరణ. ఆ నెలాఖరులో పరీక్షా పరుగులు. మార్చిలో మొదటి రేసు. మన పండుగల క్యాలెండర్‌లాగే ఇదీ కాలాన్ని భాగాలు చేసి, ఎదురుచూపుకు మెట్లు కడుతుంది.

9.3 ఎదురుచూపులోని ఆనందం

జార్జ్ లోవెన్‌స్టైన్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1987లో ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రచురించాడు. మీ అభిమాన సినీతార నుంచి ముద్దు పొందడానికి ఎంత చెల్లిస్తారని విద్యార్థులను అడిగాడు. ముద్దు వెంటనే దొరికితే ఎంత, కొన్ని గంటల తరువాత అయితే ఎంత, మూడు రోజుల తరువాత అయితే ఎంత, ఏడాది తరువాత అయితే ఎంత అని ప్రశ్నలు. ఆర్థికశాస్త్రపు సాధారణ సూత్రం ప్రకారం మంచి వస్తువు ఎంత త్వరగా దొరికితే అంత విలువ. కానీ విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చింది మూడు రోజుల తరువాత దొరికే ముద్దుకే. ఆ మూడు రోజులూ దాన్ని తలచుకుంటూ గడపడంలో వారికి అదనపు ఆనందం కనిపించింది.

అదే అధ్యయనంలో మరో ప్రశ్న విద్యుత్ షాక్ గురించి. వెంటనే తగిలే షాక్‌ను తప్పించుకోవడానికి ఇస్తామన్న దానికంటే, చాలాకాలం తరువాత తగిలే షాక్‌ను తప్పించుకోవడానికి ఎక్కువ ఇస్తామన్నారు. భయంతో ఎదురుచూడటం అసలు బాధకు తోడయ్యే మరొక బాధ.

రేసు అభిమాని ఎదురుచూపులో ఈ రెండూ కలిసి ఉంటాయి. 'ఈసారి గెలుస్తాం' అనే తలపు తీపి. 'ఈసారీ పోతుందేమో' అనే తలపు చేదు. మొదటి రేసు దగ్గరపడేకొద్దీ రెండూ పెరుగుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
గమనిక: మీ సమాధానాలను నోటుపుస్తకంలో రాసి, 9.9లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. గత సీజన్ ఫలితాలను బట్టి కొత్త ఫార్ములా వన్ సీజన్‌ను అంచనా వేయడం ఎందుకు కష్టం?
2. లోవెన్‌స్టైన్ అధ్యయనం ఎదురుచూపు గురించి ఏం చెబుతుంది?

9.4 'మనం' అనే భావన: మారనెల్లో ఉదాహరణ

ఇటలీ ఉత్తర భాగంలో మొదెనా నగరానికి దగ్గరగా మారనెల్లో అనే చిన్న పట్టణం ఉంది. ఫెరారీ కార్ల కర్మాగారం అక్కడే. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. అప్పటినుంచి ప్రతి సీజన్‌లోనూ పాల్గొన్న ఏకైక జట్టు ఫెరారీ. ఆ జట్టు రేసు గెలిస్తే ఊరి చర్చి గంటలు మోగించడం ఆనవాయితీ.

ఫెరారీ అభిమానులను ఇటాలియన్‌లో 'తిఫోజీ' అంటారు. ఈ మాటకు మూలమైన 'తిఫో' అనే పదానికి ఒక అర్థం టైఫస్ అనే జ్వరం. మన పత్రికలు 'క్రికెట్ జ్వరం' అని రాయడం మీరు చూసే ఉంటారు. వేర్వేరు దేశాల భాషలు అభిమానాన్ని అంటుకునే జ్వరంతో పోల్చడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. అభిమానం ఒంటరిగా పెరిగేది కాదు, మనిషి నుంచి మనిషికి సోకేది.

2025 సీజన్ ముందు తిఫోజీ ఆశకు బలమైన కారణాలున్నాయి. ఫెరారీ డ్రైవర్ బిరుదు గెలిచి అప్పటికి పదిహేడేళ్లు దాటింది. ఆఖరిసారి 2007లో గెలిచింది. జట్టు బిరుదు ఆఖరిసారి 2008లో దక్కింది. 2024లో జట్టు బిరుదు కేవలం 14 పాయింట్ల తేడాతో మెక్‌లారెన్‌కు పోయింది. దీనికితోడు ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన లూయిస్ హామిల్టన్, మెర్సిడెస్‌లో పన్నెండు సీజన్లు గడిపి, నలభయ్యో ఏట ఫెరారీకి వచ్చాడు.

2025 జనవరి 22న హామిల్టన్ మొదటిసారి ఫెరారీ కారు నడిపాడు. అది మారనెల్లో పక్కనే ఉన్న ఫియొరానో ట్రాక్‌లో. కొత్త కారు కూడా కాదు, 2023 నాటి పాత కారు. పోటీ లేదు, పాయింట్లు లేవు. చలి, పొగమంచు. అయినా ట్రాక్ కంచె వెంబడి వందలాది మంది నిలబడ్డారు. వారికి కనిపించింది పొగమంచులో దూసుకుపోయే ఒక ఎర్రని కారు మాత్రమే. మరి ఎందుకు వచ్చారు?

ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త ఎమిల్ డర్ఖైమ్ 1912లో మతం గురించి రాసిన గ్రంథంలో దీనికి సమాధానం వెతకవచ్చు. మనుషులు ఒకచోట చేరి ఒకే వస్తువుపై దృష్టి నిలిపినప్పుడు, విడివిడిగా ఎవరిలోనూ లేని ఉత్తేజం వారిలో పుడుతుంది. దీన్ని ఆయన 'సామూహిక ఉత్తేజం' అన్నాడు. ఆ కంచె దగ్గర నిలబడినవారు కారును చూడటానికి వచ్చారు, నిజమే. దాంతోపాటు తమలాంటి వారిని చూసుకోవడానికి కూడా వచ్చారు.

అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ, ఆయన సహచరులు 1976లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ఉపయోగపడుతుంది. తమ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే, సోమవారం ఆ విశ్వవిద్యాలయ చిహ్నాలున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారు. జట్టు గెలుపు గురించి చెప్పేటప్పుడు 'మేము' అనే మాట ఎక్కువగా వాడారు, ఓటమి గురించి చెప్పేటప్పుడు తక్కువగా వాడారు. అంటే గెలుపును పంచుకోవడం సులభం. ఓటమిలో 'మేము' అనడమే అభిమానానికి అసలు పరీక్ష. సీజన్‌కు ముందు కాలంలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. అప్పుడు 'మేము' అనడానికి ఏ ఖర్చూ లేదు. అందుకే అభిమానుల సంఖ్య, ఉత్సాహం ఆ కాలంలో ఎక్కువగా కనిపిస్తాయి.

9.5 సూచనలు, సాక్ష్యాలు: పరీక్షా పరుగుల పాఠం

2025లో కొత్త కార్లన్నీ కలిసి పరిగెత్తిన మొదటి సందర్భం ఫిబ్రవరి 26 నుంచి 28 వరకు బహ్రెయిన్‌లో జరిగిన పరీక్షా పరుగులు. జట్టుకు ఒక్క కారే, మూడు రోజులే. ఈ మూడు రోజుల సమయాల పట్టికను అభిమానులు ఉగాది నాటి పంచాంగ శ్రవణంలా వింటారు. ఎవరికి రాజపూజ్యం, ఎవరికి అవమానం అని అందులో వెతుకుతారు. అయితే ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లు నమ్మకూడదు. కారణం చూడండి.

2025 నిబంధనల ప్రకారం రేసులో ఒక కారు గరిష్ఠంగా 110 కిలోల ఇంధనం వాడవచ్చు. ఇంధనం పెరిగితే కారు బరువు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. ట్రాక్‌ను బట్టి మారినా, పది కిలోలకు ఒక రౌండులో సుమారు 0.3 సెకను నష్టమని స్థూలంగా లెక్కిస్తారు. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 'క' అనే కారులో 20 కిలోల ఇంధనం ఉంది, రౌండు సమయం 1 నిమిషం 30.0 సెకన్లు. 'ఖ' అనే కారులో 90 కిలోల ఇంధనం ఉంది, సమయం 1 నిమిషం 31.5 సెకన్లు. పట్టికలో 'క' ముందుంటుంది. కానీ ఇంధనంలో తేడా 70 కిలోలు. దాని విలువ 2.1 సెకన్లు. అంత తీసివేస్తే 'ఖ' సమయం 1 నిమిషం 29.4 సెకన్లు. నిజానికి 'ఖ' కారే 0.6 సెకను వేగవంతమైనది. చిక్కు ఏమిటంటే ఎవరి కారులో ఎంత ఇంధనం ఉందో జట్లు బయటకు చెప్పవు. టైర్ల మెత్తదనం, ఇంజన్‌ను ఎంత శక్తితో నడిపారన్నది కూడా ఇలాగే ఫలితాన్ని మారుస్తాయి. కొన్ని జట్లు కావాలనే తమ వేగాన్ని దాచుకుంటాయి కూడా.

మూడు నిజమైన సందర్భాలు పరిశీలించండి.

(అ) 2019: బార్సిలోనా పరీక్షా పరుగుల్లో అందరికంటే వేగవంతమైన సమయం ఫెరారీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్‌ది. ఆ ఏడాది ఫెరారీదే పైచేయి అని చాలామంది భావించారు. మెల్‌బోర్న్ మొదటి రేసులో వెటెల్ విజేత కంటే 57 సెకన్లు వెనుక, నాలుగో స్థానంలో ముగించాడు. మొదటి ఐదు రేసుల్లోనూ మొదటి రెండు స్థానాలు మెర్సిడెస్‌వే.

(ఆ) 2009: హోండా సంస్థ 2008 డిసెంబరులో ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది. ఆ జట్టు 2009 మార్చిలో రాస్ బ్రాన్ చేతికి వచ్చి 'బ్రాన్ జీపీ'గా మారింది. ఆలస్యంగా పరీక్షా పరుగులకు వచ్చి అందరినీ మించిన వేగం చూపింది. స్పాన్సర్ల కోసం కారు బరువు తగ్గించి నడుపుతున్నారేమో అని కొందరు అనుమానించారు. మార్చి 29న మెల్‌బోర్న్‌లో ఆ జట్టు మొదటి రెండు స్థానాలు గెలిచింది. ఏడాది చివర రెండు బిరుదులూ దానివే.

(ఇ) 2025: బహ్రెయిన్‌లో అన్నిటికంటే వేగవంతమైన రౌండు విలియమ్స్ డ్రైవర్ కార్లోస్ సైన్జ్‌ది, 1 నిమిషం 29.348 సెకన్లు. హామిల్టన్ అతనికి 0.031 సెకను వెనుక. తిఫోజీకి ఇది తీపికబురు. కానీ అనుభవజ్ఞులైన పరిశీలకుల దృష్టి మరోచోట ఉంది. రెండో రోజున మెక్‌లారెన్ డ్రైవర్ లాండో నోరిస్ రేసు దూరాన్ని అనుకరిస్తూ నడిపిన సుదీర్ఘ పరుగులో, రౌండు తరువాత రౌండు నిలకడగా వేగంగా ఉన్నాడు. ఏడాది చివర జట్టు బిరుదు మెక్‌లారెన్‌కు, డ్రైవర్ బిరుదు నోరిస్‌కు దక్కాయి.

మొదటి సందర్భంలో సూచనను నమ్మి మోసపోయారు. రెండో సందర్భంలో నిజమైన సూచనను నమ్మలేకపోయారు. మూడో సందర్భంలో ఒక్క రౌండు సూచన మాత్రమే, సుదీర్ఘ పరుగు సాక్ష్యానికి దగ్గరగా ఉన్నది. మన ఆశకు అనుకూలమైన వాటినే ఏరుకొని నమ్మే స్వభావాన్ని 'నిర్ధారణ పక్షపాతం' అంటారు. దీని నుంచి కాపాడుకోవడానికి ఏ సమాచారం ఎదురైనా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

1. దీన్ని ఏ పరిస్థితుల్లో కొలిచారు?
2. ఒక్కసారి జరిగిందా, పదేపదే జరిగిందా?
3. ఈ మాట చెప్పేవారికి దానివల్ల ప్రయోజనం ఏమిటి?
4. ఇదే సమాచారం నా ఆశకు వ్యతిరేకంగా ఉంటే ఇంత సులభంగా నమ్మేవాడినా, నమ్మేదాన్నా?

ఈ ప్రశ్నలు రేసులకే పరిమితం కావు. ఎన్నికల సర్వేలకు, పంట ధరల అంచనాలకు, 'నోటిఫికేషన్ వచ్చేస్తోంది' అనే వార్తలకు కూడా వర్తిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. పరీక్షా పరుగుల సమయాలను నేరుగా పోల్చడం ఎందుకు సరికాదు?
2. 2009, 2019 సందర్భాల మధ్య తేడా ఏమిటి?

9.6 ఎదురుచూపు - మార్కెట్

ఎదురుచూపుకు విలువ ఉంటే దాన్ని అమ్మేవారూ ఉంటారు. 2017లో ఫార్ములా వన్ వాణిజ్య హక్కులు అమెరికాకు చెందిన లిబర్టీ మీడియా చేతికి వచ్చాయి. 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో 'డ్రైవ్ టు సర్వైవ్' అనే ధారావాహిక వస్తోంది. గత సీజన్ కథను కొత్త సీజన్ గుమ్మంలో చూపించి ఆసక్తి రేకెత్తించడం దాని పద్ధతి. 2025 ఫిబ్రవరి 18న పది జట్లూ లండన్‌లోని ఓటూ అరీనాలో ఒకే వేదికపై, టికెట్టు కొన్న ప్రేక్షకుల ముందు తమ రంగులను ఆవిష్కరించాయి. చాలా జట్లు అక్కడ చూపినవి అసలు రేసు కార్లు కావు, కొత్త రంగులు వేసిన ప్రదర్శన కార్లు. తెలుగు సినిమాకు ఫస్ట్ లుక్, టీజర్, ట్రైలర్, ప్రీ రిలీజ్ వేడుక వరుసగా రావడం మీకు తెలిసినదే. సూత్రం ఒకటే. కొంచెం చూపించి ఎక్కువ దాచడం.

అయితే అభిమానుల ఉత్సాహమంతా మార్కెట్ సృష్టే అనడం సరికాదు. ఫియొరానో కంచె దగ్గర నిలబడినవారు ఏ టికెట్టూ కొనలేదు. మార్కెట్ ఎదురుచూపును వాడుకుంటుంది, పెంచుతుంది. కానీ దాన్ని శూన్యం నుంచి పుట్టించలేదు.

9.7 ఎదురుచూపు ఫలించనప్పుడు

2025 మార్చి 16, ఆదివారం. మెల్‌బోర్న్ రేసు మనకు ఉదయం 9:30కు, ఇటలీలో తెల్లవారుజామున 5 గంటలకు మొదలైంది. పద్నాలుగు వారాలు ఎదురుచూసిన తిఫోజీ చీకట్లో లేచి టీవీ ముందు కూర్చున్నారు. వర్షంలో జరిగిన ఆ రేసును నోరిస్ గెలిచాడు. ఫెరారీ డ్రైవర్లలో చార్ల్స్ లెక్లేర్‌కు ఎనిమిదో స్థానం, హామిల్టన్‌కు పదో స్థానం. తరువాతి శనివారం చైనాలో జరిగిన చిన్న రేసును హామిల్టన్ గెలవగానే ఆశ మళ్లీ చిగురించింది. మరునాడు ప్రధాన రేసు తరువాత తనిఖీలో ఫెరారీ కార్లు రెండూ అనర్హమయ్యాయి. ఒకటి కనీస బరువుకు ఒక కిలో తక్కువ ఉంది. రెండోదాని అడుగుపలక అనుమతించిన దానికంటే ఎక్కువ అరిగింది. ఆ ఏడాది ఫెరారీ ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు, జట్ల పట్టికలో నాలుగో స్థానంలో నిలిచింది.

అయినా సెప్టెంబరులో ఇటలీలోని మోంజా రేసు నాటికి ఎర్రజెండాలు మళ్లీ లేచాయి. దీనికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు. మొదటిది, దీర్ఘకాల అభిమానికి జట్టు తన గుర్తింపులో భాగం. ఫలితం నచ్చనందుకు ఊరిపేరు మార్చుకోలేం కదా. రెండోది, ఓటమిని పంచుకునే తోడు ఉంది. మూడోది, వచ్చే మార్చికి తేదీ ఉంది, ఆ రోజు అందరి పక్కనా మళ్లీ సున్నాయే. పైగా 2026 నుంచి ఇంజన్, కారు నిర్మాణ నిబంధనలు మారాయి.

ఈ మూడో కారణం ఎంత ముఖ్యమో మన దేశ అనుభవం చెబుతుంది. ఢిల్లీ సమీపంలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013 సంవత్సరాల్లో ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. తరువాత ఆగిపోయింది. విద్యుత్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఈ 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై జరిగింది. ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన రెండో పోటీ, నెల రోజుల ముందు జనవరిలో రద్దయింది.

మారనెల్లో అభిమాని ఓడిపోయాడు, కానీ అతనికి మరో తేదీ ఉంది. హైదరాబాద్ అభిమాని ఓడిపోలేదు, కానీ అతని క్యాలెండర్‌లో తేదీయే లేదు. ఎవరి ఎదురుచూపు భారమైనదో మీరే ఆలోచించండి. తేదీ ఉన్న ఎదురుచూపు మనిషిని సిద్ధం చేస్తుంది, తోటివారితో కలుపుతుంది. తేదీ లేని ఎదురుచూపు మెల్లగా అలసట అవుతుంది, మనుషులు ఒక్కొక్కరుగా తప్పుకుంటారు. ఉద్యోగ ప్రకటనల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే యువతను గమనిస్తే ఈ మాటలోని సత్యం బోధపడుతుంది. ఆశను నిలిపేది గెలుపు హామీ కాదు, నమ్మదగిన తేదీ.

9.8 సారాంశం

కొత్త సీజన్‌కు ముందు కాలం అభిమానులకు ఖాళీ కాలం కాదు. ఎదురుచూపు తనంతట తానే ఆనందాన్నీ, భయాన్నీ ఇస్తుంది. ఒకచోట చేరి ఎదురుచూడటం వల్ల 'మనం' అనే భావన బలపడుతుంది. పరీక్షా పరుగుల అంకెలు సూచనలు మాత్రమే. పరిస్థితులు తెలిసి, పదేపదే నిలిచినప్పుడే అవి సాక్ష్యమవుతాయి. మార్కెట్ ఎదురుచూపును వాడుకుంటుంది గాని పూర్తిగా సృష్టించలేదు. గుర్తింపు, తోడు, తేదీ ఉన్నంతకాలం ఓటమి తరువాత కూడా అభిమానం నిలుస్తుంది.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - నమూనా సమాధానాలు

ప్రగతి - 1
1. ప్రతి జట్టూ ఏటా కొత్త కారును రూపొందించుకుంటుంది. అందువల్ల గత ఏడాది బలాబలాలు మారిపోవచ్చు.
2. కోరుకున్నది కొంత ఆలస్యంగా దొరికితే ఎదురుచూపులో అదనపు ఆనందం ఉంటుంది. బాధ ఆలస్యమైతే భయం పెరుగుతుంది.

ప్రగతి - 2
1. ఇంధనం, టైర్లు, ఇంజన్ శక్తి ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటాయి. ఆ వివరాలను జట్లు వెల్లడించవు.
2. 2019లో నమ్మిన సూచన తప్పయింది. 2009లో అనుమానించిన సూచన నిజమైంది.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎదురుచూపు ఒక సామాజిక చర్య అనే వాదనను ఫెరారీ అభిమానుల ఉదాహరణతో చర్చించండి.
2. సూచనకు, సాక్ష్యానికి గల భేదాన్ని పరీక్షా పరుగుల ఆధారంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సామూహిక ఉత్తేజం అంటే ఏమిటి?
2. 'తేదీ ఉన్న ఎదురుచూపు', 'తేదీ లేని ఎదురుచూపు' - మీ ప్రాంతం నుంచి ఒక్కొక్క ఉదాహరణ ఇచ్చి పోల్చండి.

9.11 ముఖ్యపదాలు

తిఫోజీ: ఫెరారీ జట్టు అభిమానులను పిలిచే ఇటాలియన్ పదం.
పరీక్షా పరుగులు: సీజన్ మొదలయ్యే ముందు కొత్త కార్లను ట్రాక్‌పై నడిపి చూసే రోజులు.
సామూహిక ఉత్తేజం: మనుషులు ఒకచోట చేరి ఒకే విషయంపై దృష్టి పెట్టినప్పుడు కలిగే ఉమ్మడి ఉద్వేగం.
నిర్ధారణ పక్షపాతం: తన నమ్మకానికి అనుకూలమైన సమాచారాన్నే ఎంచుకొని నమ్మే ధోరణి.